పువ్వు తీసేశాడట!

ఆ రోజు ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. తెల్లవారగానే తోటలో నీలం పువ్వు, తర్వాత మడుగు దగ్గర కొంగ, ఆ తర్వాత ఒడ్డుకొచ్చే తాబేలు. ఈ మూడింటినీ ఫోటో తీసి, తొమ్మిది గంటల బోటెక్కి, ద్వీపం వదిలి ఇంటికి పోవడం. ఎనిమిది రోజులుగా అతను చెట్లనూ పిట్టలనూ చేపలనూ తీస్తూనే ఉన్నాడు. మనిషి మహా మెత్తన. కొంగ అటు తిరిగి నిలబడితే, అదే ఇటు తిరిగేదాకా మొహమాటంగా కాచుకునే రకం.

తోటమాలి సంగతి వేరు. ఇదివరకెక్కడా లేని ఆ నీలం పువ్వు కోసం తొమ్మిదేళ్లు చాకిరీ చేశాడు. అది ఇవాళే మొదటిసారి పూసింది, ఎండెక్కితే ముడుచుకుపోతుంది, మళ్లీ విచ్చదు. ఎనిమిదిన్నర బోటులో మొక్కల నిపుణురాలు వచ్చి విచ్చిన పువ్వును కళ్లారా చూస్తే, దానికి తోటమాలి కోరిన పేరు పెడుతుంది. అతను కోరబోయేది భార్య పేరు. "నా మొహం కంటే ఆ మొక్క మొహమే ఎక్కువ చూశావు" అని తొమ్మిదేళ్లుగా దెప్పుతోంది ఆవిడ. పైకి అనడు గానీ, అతనికి ఆవిడంటే ప్రాణం.

ఆవిడ అతిథిగృహంలో గదులు ఊడుస్తుంది. ఎనిమిదిన్నర కావస్తుండగా ఫోటోగ్రాఫరు గది ముందు ఊడుస్తుంటే, లోపల అతను ఫోనులో ఇంటికి చెబుతున్న మాటలు వినబడ్డాయి.

"పువ్వు తీసేశా. కొంగనీ తీసేశా. తాబేలే కాస్త ఏడిపించింది, చివరికి దాన్ని కూడా తీసేశా. ఇంక బోటెక్కడమే."

చీపురు అక్కడే పడేసి ఆవిడ రేవుకు పరుగెత్తింది. తోటమాలి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిపుణురాలి కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏవయ్యోయ్! నీ పువ్వు తీసేశాడట, ఆ ఫోటోలాయన! కొంగని కూడా!"

"కొంగనెందుకే?"

"నాకేం తెలుసు? తాబేలైతే ఏడ్చిందట కూడాను!"

అంతలో ఫోటోగ్రాఫరు సంచి తగిలించుకుని రానే వచ్చాడు. తోటమాలి ఆ సంచి పట్టీ పట్టుకున్నాడు. అప్పుడే బోటు దిగిన నిపుణురాలిని ఎవరూ పట్టించుకోలేదు.

"ఎవర్నడిగి తీశావయ్యా?"

"అతిథిగృహం మేనేజరుగారే తియ్యమన్నారండీ."

"ఎక్కడ పెట్టావు?"

"సంచిలోనే ఉన్నాయండీ, అన్నీ."

"తాబేలు కూడానా? ఊపిరాడద్దూ దానికి!" అని బోటువాడు గుండెలు బాదుకున్నాడు.

అరగంట కేకల తర్వాత తోటమాలి ఆఖరి మాట చెప్పేశాడు. "తీసెయ్! అన్నీ తీసెయ్! ఇక్కడే, నా కళ్లముందే!"

ఫోటోగ్రాఫరు ఎవరినీ నొప్పించి ఎరగడు. బటను నొక్కి చెరిపితే వీళ్లు నమ్మరేమోనని, కెమెరాలోంచి కార్డు లాగి, రెండు ముక్కలు చేసి నీళ్లలో వేశాడు. ఎనిమిది రోజుల కష్టం మునిగిపోతుంటే కళ్లు తుడుచుకున్నాడు.

"తీసేశానండీ. ఒక్కటి కూడా లేదు."

తోటమాలి సంచిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి గాలించాడు. రెండు లెన్సులు, ఒక తడి తువ్వాలు దొరికాయి.

"పువ్వేదయ్యా?"

"పువ్వా? మొక్కకే ఉంది కదండీ."

అందరూ తోటకు పరుగెత్తారు. అరగంటగా "నేనండీ, మొక్కల..." అంటూ నిలబడ్డ నిపుణురాలు కూడా వెనకే నడిచింది. పువ్వు మొక్కకే ఉంది. కాకపోతే ఎండెక్కింది, అది ముడుచుకుపోయింది.

"విచ్చిన పువ్వు చూడకుండా పేరు పెట్టలేనండీ" అంది నిపుణురాలు. "పోనీ, ఎవరైనా ఫోటో తీశారా?"

"తీశానండీ" అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఏదీ, చూపించండి."

"తీసేశానండీ."

తోటమాలి మట్టిలో చతికిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. నిపుణురాలు నమోదు పుస్తకం తెరిచింది.

"ఇంత దూరం వచ్చాక ఏదో ఒకటి రాయాలి కదా. ఇదంతా ఎలా మొదలైంది?"

"మా ఆవిడ చెప్పిందండీ" అని నోరు జారాడు తోటమాలి.

"ఆవిడ పూర్తి పేరు?"

అలా ఆవిడ పేరు పుస్తకంలోకి ఎక్కనే ఎక్కింది, "పేరు పెట్టకపోవడానికి కారణం" అన్న గడిలో.