మాస్టారు పైకి పోయారు

ఒంట్లో బాగాలేదని బడికి సెలవు చీటీ పంపి, ఆ శనివారం పొద్దున చెట్టెక్కాలని వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు తీర్మానించుకున్నారు.

నలభై అయిదేళ్ళొచ్చాక ఇదేం బుద్ధి అనకండి. ఆయనది పోలియో కాలు. చిన్నప్పుడు కర్లపాలెం పిల్లలంతా నేరేడు చెట్టెక్కితే, ఆయన కింద కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా కాసేవారు. పైనుంచి ఉమ్మిన గింజలన్నీ నెత్తిన పడేవి. పెద్దయ్యాకా అంతే. తెలుగు ఎంత బాగా చెప్పినా, పదో తరగతి మేడ మీదుందని హెడ్మాస్టరు బసవేశ్వరరావు ఆయన్ని ఆరో తరగతికే కట్టిపడేశాడు. ఒక్కసారి తన దొడ్లోని నేరేడు పై కొమ్మన కూర్చుని తనూ గింజ ఉమ్మాలి. అదీ కోరిక.

పాత శిష్యుడు నాగులు నిజాంపట్నం నుంచి బోటు తాళ్ళు, కప్పీ, ముగ్గురు మనుషుల్ని తెచ్చాడు. మాస్టారిని పీట మీద కూర్చోబెట్టి నడుముకు తాడు బిగించాడు.

"భయమేస్తే చెప్పండి మాస్టారూ."

"భయమేంట్రా! లాగండి!"

నలుగురూ లాగారు. ఆయన్ని పెద్ద కొమ్మకు భద్రంగా కట్టి, గంటలో వచ్చి దింపుతామని టీకి వెళ్ళారు.

అంతలో వీధి గుమ్మంలోకి పెరుగమ్మే అమ్మాజీ వచ్చింది. "మాస్టారుగారేరమ్మా?"

"ఇప్పుడే పైకి పోయారు," అంది ఆయన భార్య విశాలాక్షి, అరచెయ్యి పట్టి పెరుగు రుచి చూస్తూ.

"అయ్యో! ఎట్టాగమ్మా?"

"ఎలాగేంటి? తాళ్ళు కట్టారు, నలుగురూ పట్టారు. వారం నుంచీ ఒకటే గోలనుకో. నాకూ మనశ్శాంతి. పుల్లగా లేదు కదా?"

దుఃఖంతో ఆవిడకు మతి చలించిందనుకుని అమ్మాజీ కుండతో సహా బడికి పరుగెత్తింది. అక్కడ బల్ల మీద సెలవు చీటీ కనిపిస్తూనే ఉంది. ఇంకేం అనుమానం? సెలవు గంట కొట్టారు. పిల్లలు ఏడవాలో ఎగరాలో తెలియక ఎగిరారు.

హెడ్మాస్టరు దండతో, పంతుళ్ళతో నేరుగా మాస్టారి దొడ్లోకి వచ్చాడు. లోపల రుబ్బురోలు చప్పుడులో విశాలాక్షికి ఏమీ వినపడలేదు. చెట్టు మొదట్లో మాస్టారి చెప్పులు, చంకకర్ర ఉన్నాయి. అప్పుడే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారనుకుని దండ కర్రకే వేశారు.

"పాపిని నేను!" అని హెడ్మాస్టరు నెత్తి కొట్టుకున్నాడు. "పదో తరగతి ఆయనకే ఇవ్వాల్సింది. గది కిందికి మారిస్తే పోయేది! ఇప్పుడాయన ఉంటే, సోమవారమే మార్చేవాణ్ణి."

ఆయన బట్టతల మీద టప్పున నేరేడు గింజ పడింది.

"ఉన్నానండీ!"

అందరూ తలెత్తారు. ఊదారంగు నాలుకతో, ఊదారంగు పళ్ళతో మాస్టారు నవ్వుతున్నారు. పంతుళ్ళు గోడ దూకారు. హెడ్మాస్టరు పేడకుప్పలో కూలబడ్డాడు.

"దిగండి మహాప్రభో!"

"గది సంగతి రాసివ్వండి సార్. అప్పుడు దిగుతాను."

సోమవారం పదో తరగతి కిందికి దిగింది. మాస్టారు మాత్రం ఆదివారం ఆదివారం పైకి పోతూనే ఉన్నారు.