సొరంగం లేని దారి

ఆందోళన చేసేవాళ్లు జెండాలు పట్టుకుని రోడ్డెక్కుతారు. ఓడ్వార్‌కి రోడ్డెక్కాక ఆందోళన పట్టుకుంటుంది. అదీ తేడా.

ఊళ్లో ఉన్నంతసేపూ మనిషి బాగానే ఉంటాడు. నార్వేలోని బెర్గెన్‌లో ఇంటింటికీ వెళ్లి పియానోలు శ్రుతి చేస్తాడు, చేపల పులుసు తీరిగ్గా వండుతాడు, వానలో గొడుగు లేకుండా తిరుగుతాడు. కారెక్కి ఊరు దాటితే మాత్రం పొయ్యి కట్టేశామా, తలుపు వేశామా, ఇంజన్లోంచి ఆ చప్పుడేమిటి అని మొదలవుతుంది. ఆ చప్పుడు చాలాసార్లు అతని గుండెదే. డాక్టరు మాత్రలిచ్చి, ఊపిరి నెమ్మదిగా పీల్చమని చెప్పి, ప్రయాణాలు మాత్రం మానొద్దన్నాడు.

ఇదంతా భార్య గున్వోర్‌కి తెలుసు. సముద్రం అడుగున తవ్విన సొరంగాలంటే తనకు కాళ్లు చల్లబడతాయన్న ఒక్క సంగతి మాత్రం ఆమెకు తెలియదని ఓడ్వార్ నమ్మకం. నార్వేలో ఉంటూ సొరంగాలంటే భయపడటం, చేపల బజార్లో కాపురం పెట్టి నీచు వాసన పడదనడం లాంటిది. అందుకే గుట్టుగా ఉంచాడు.

గున్వోర్‌కి డ్రైవింగ్ వచ్చు. లైసెన్సే రాలేదు. పరీక్ష పెట్టిన ప్రతి అధికారితోనూ కూడలిలో ముందు ఎవరు వెళ్లాలన్న విషయం మీద వాదించి, వాదనలో నెగ్గి, పరీక్షలో తప్పింది.

ఆ జూన్‌లో ఆమె చిన్ననాటి పాటల బృందం ఉత్తరాన ఒక దీవిలో కలుసుకుంటోంది. ఇలాంటి కలయికకే ఇదివరకు రెండుసార్లు బయలుదేరారు. ఒకసారి ఓడ్వార్‌కి పొయ్యి గుర్తొచ్చి వెనక్కి తిరిగారు. ఇంకోసారి అతనికే కడుపునొప్పి. ఈసారి ఎలాగైనా తీసుకెళ్లి తీరాలని అతని పట్టుదల. కాని సొరంగంలోంచి కాదు. మ్యాపు ముందేసుకుని కొండల మీదుగా, లోయల మీదుగా, చివర్లో కార్లను దాటించే పంటు మీదుగా ఒక దారి అల్లాడు. ఒక్క రోజు ప్రయాణం కాస్తా మూడు రోజులైంది.

మొదటి మలుపులోనే గున్వోర్ అడిగింది. "ఇటెందుకు తిప్పావు?"

"జున్ను కోసం. మేకపాల జున్ను ఈ లోయలో చేసినంత బాగా ఇంకెక్కడా చెయ్యరట."

"మన ఫ్రిజ్‌లో ఉందిగా."

"అది ఊరికే కొన్నది. ఇది మేకను చూసి కొనేది."

జున్ను కొన్నారు. మర్నాడు పొద్దున బండి ఇంకో పక్కకు తిరిగింది.

"ఇప్పుడేమిటి?"

"పాత చెక్క చర్చి."

"నీకు భక్తి ఎప్పట్నుంచి?"

"దేవుడి మీద కాదు, చెక్క మీద. నా వృత్తే అది కదా."

మరమ్మతులని చెప్పి చర్చి మూసేశారు. బయట తాళానికి దణ్ణం పెట్టుకుని కదిలారు. ఆ తర్వాత చేతితొడుగు ఆకారంలో ఉంటుందన్న బండ దగ్గర ఆగారు.

"బండలా ఉంది," అంది గున్వోర్.

"కొంచెం పక్కకి వచ్చి చూడు."

"ఇప్పుడు పక్కనుంచి చూసిన బండలా ఉంది."

నిజం చెప్పాలంటే ఓడ్వార్‌కి ఈ ప్రయాణం మహా ఇష్టంగా ఉంది. అద్దాలు దించి, కొండ మీద మిగిలిన మంచును చూస్తూ, గున్వోర్ తీస్తున్న రాగాలు వింటూ నడుపుతుంటే గుండె చప్పుడు కూడా ఆమె తాళానికే కొట్టుకుంటోంది. ఆగిన ప్రతిచోటా ఆమె స్ట్రాబెర్రీ జామ్‌తో వాఫుల్ అట్లు తింటోంది. ఇన్ని మలుపులెందుకని గట్టిగా నిలదీయడం లేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు ఓడ్వార్.

మూడో రోజు కంకర బాట మీద మేకలు అడ్డం వచ్చాయి. సముద్రపు గాలికి బండికంటిన ఉప్పు రుచి మరిగి చుట్టూ చేరి నాకడం మొదలెట్టాయి. ఓడ్వార్ హారన్ కొట్టాడు. అది భోజనానికి పిలుపనుకుని ఇంకో మంద దిగి వచ్చింది. గడ్డం మేక ఒకటి బానెట్ ఎక్కి అద్దంలోంచి ఓడ్వార్ ముఖంలోకి చూసింది.

"నీ జున్నుకి పాలిచ్చినావిడే అనుకుంటా," అంది గున్వోర్. "డబ్బులు సరిగ్గా ఇచ్చావా?"

మేక వెళుతూ వెళుతూ ఆమె వైపు వైపర్ రబ్బరు పీక్కుపోయింది. వెంటనే వాన అందుకుంది.

వానలో ఎలాగో పంటు రేవు చేరేసరికి అక్కడ ఒక్క కారు లేదు. గాలి ఎక్కువగా ఉందని పంటు ఆపేశారట. ఎల్లుండి దాకా లేదు. పాటలు రేపు సాయంత్రం.

"దానికెందుకు బెంగ," అంది రేవులో కాఫీ కొట్టు నడిపే ఆవిడ. "పక్కనే సొరంగం ఉందిగా. ఈ పంటు ఎవరెక్కుతారు, పనిలేనివాళ్లు తప్ప."

"సొరంగంలో ప్రకృతి కనిపించదు," అన్నాడు ఓడ్వార్.

"ఈ వానలో బయట మాత్రం ఏం కనిపిస్తోంది?"

గున్వోర్ కిటికీలోంచి బయటికి చూసి, "పోనీలే ఓడ్వార్. ఇంటికెళదాం. ఇంకో ఏడాది చూద్దాం," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే అతన్ని భయపెట్టింది. గున్వోర్ దెప్పుతోందంటే అంతా బాగున్నట్టు. మెత్తగా మాట్లాడిందంటే మనసు విరిగినట్టు.

అతను బండి తీసి సొరంగం వైపు తిప్పాడు. దాని నోరు కనబడగానే పక్కకు ఆపేశాడు.

"నీకొకటి చెప్పాలి. నాకు సొరంగాలంటే భయం."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లైన కొత్తలో పక్క జిల్లాకి తీసుకెళతానని స్వీడన్ మీంచి తీసుకెళ్లావు చూడు, అప్పట్నుంచి."

"మరి ఈ మూడు రోజులూ ఎందుకు ఊరుకున్నావు?"

"జున్ను బాగుంది. పైగా అంత కష్టపడి అబద్ధాలాడుతుంటే మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

ఓడ్వార్ తల దించుకున్నాడు. ఊపిరి నెమ్మదిగా పీల్చాడు, వదిలాడు. వెనక్కి తిప్పేద్దామా అనుకున్నాడు. పక్కన ఆమె ఒళ్లో పాటల పుస్తకం వానకు తడవకుండా స్కార్ఫ్‌లో చుట్టి ఉంది.

"వెళ్దాం," అన్నాడు. "నువ్వు మాత్రం ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఆపకు."

"ఏదైనా ఫరవాలేదా?"

"ఏదైనా."

బండి చీకట్లోకి దిగింది. రోడ్డు కిందికి, ఇంకా కిందికి పోతోంది. అనునయంగా రెండు ముక్కలు వినబడతాయని ఓడ్వార్ చెవులు రిక్కించాడు.

"మీ అమ్మ చేసే మాంసం ఉండలు అస్సలు బాగుండవు," అంది గున్వోర్.

"ఏమన్నావు?"

"గట్టిగా ఉంటాయి. మా నాన్నకి పన్ను కదిలింది."

"మీ నాన్నది కట్టుడు పన్ను. మా అమ్మ ఉండలకి చర్చి సంబరాల్లో బహుమతి వచ్చింది."

"అది లాటరీలో వచ్చింది. ఉండలకి కాదు."

ఎదురుగా లారీ ఒకటి గోడలు అదిరిపోయేలా దూసుకుపోయింది. తల పైన ఎంత సముద్రం ఉందో ఓడ్వార్‌కి గుర్తొచ్చింది. "గున్వోర్, నాకు..."

"మాట మార్చకు. మన ఇంట్లో పియానో సంగతేమిటి? నువ్వు శ్రుతి చేసినా పై షడ్జమం ఇప్పటికీ అపస్వరమే."

"అపస్వరమా? ముప్పై ఏళ్ల వృత్తి నాది."

"ముప్పై ఏళ్లుగా అపస్వరమే."

ఓడ్వార్ ముఖం ఎర్రబడింది. తీగ అంటే ఏమిటో, బిగువు అంటే ఏమిటో, ఈ దేశంలో ఎంతమంది తన చెవిని నమ్ముకున్నారో, బృందగానంలో ఎప్పుడూ ముందు శ్రుతి తప్పేదెవరో ఒక్కొక్కటీ అరిచి చెప్పాడు. చెబుతూ గేరు మార్చాడు, చెబుతూ ఎత్తు ఎక్కించాడు, చెబుతూ వెలుగులోకి వచ్చాడు. వాన వెలిసి ఎడమపక్క సముద్రం మెరుస్తోంది. అతను మాత్రం ఇంకా షడ్జమం దగ్గరే ఉన్నాడు. సముద్రపు కాకి ఒకటి అద్దానికి అడ్డంగా ఎగిరిపోయాక గాని గున్వోర్ చాలాసేపటి నుంచి జవాబివ్వడం లేదని తెలియలేదు.

బండి పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగి సొరంగాన్ని చూశాడు. తర్వాత భార్యను చూశాడు.

"కావాలనే చేశావా?"

"ఏదైనా అన్నావుగా."

"అయితే మా అమ్మ ఉండలు..."

"అవి నిజంగానే బాగుండవు."

ఓడ్వార్‌కి నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని చాలాసేపు నవ్వాడు. గున్వోర్ జున్ను ముక్క ఒకటి కోసి చేతికిచ్చి, మ్యాపు విప్పింది.

"దీవికి ముందు ఇంకో సొరంగం ఉంది. దీనంత లేదు."

అతని కాళ్లు మళ్లీ కాస్త చల్లబడ్డాయి. అయినా ఇంజను ఆన్ చేశాడు.

"ఈసారి ఎవరితో మొదలెట్టమంటావు?" అని అడిగింది.

"మీ తమ్ముడితో," అన్నాడు ఓడ్వార్. "అతని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది."