తోట కొనే ముందు దండోరా

"అతగాడు ఆ తోటని మనకంటే ముందే ఇంకెవులికైనా అమ్మీసి ఉంటే మన గతేటండి?" అంది వసుంధర, ఇడ్లీల పళ్ళెం భర్త ముందు పెడుతూ.

ఉమాపతి తలెత్తలేదు. టెక్కలిలో గుమాస్తా ఉద్యోగం చేసి చేసి మొన్ననే రిటైరయ్యాడాయన. వచ్చిన సొమ్మంతా పోసి కవిటి దగ్గర అర ఎకరం కొబ్బరితోట కొనాలనీ, ఇక మీదట ఆ నీడలో మడతమంచం వేసుకుని బతకాలనీ ఆయన కోరిక. ఆ సొమ్ము తప్ప ఆ ఇంటికి వెనక మరో ఆధారం లేదు. అది తలుచుకున్నప్పుడల్లా వసుంధరకు కొత్త అనుమానం పుడుతోంది.

"రిజిస్ట్రాఫీసులో ఈసీ తీయించినాం కదే. అమ్మకం నేదు, తాకట్టు నేదు. లాయరు కూడా సూసినాడు," అన్నాడు ఉమాపతి.

"కాయితానికేటి తెలుసండి? అదేటి ఆ ఊర్లో ఉంతాదా?"

పలాసలో జీడిపప్పు కంపెనీలో లెక్కలు చూసే కూతురు భార్గవి చెప్పులు వేసుకుంటూ నవ్వింది. "అమ్మా, అన్నీ ఆన్‌లైన్‌లో సూసీసినాను. ఆ హరిబాబుకి తోట వాళ్ళ నాన్న నుంచి వొచ్చింది. వారసుడు ఆయనొక్కడే. ఆదివారం వెళ్ళి తోట చూత్తాం, సోమవారం రిజిస్ట్రేషన్. నువ్వు మాత్రం దయచేసి బయపడకు."

భయపడవద్దని వసుంధరతో అనడం కొబ్బరిచెట్టుతో ఊగవద్దని అనడమే. కుక్కర్ కూత ఆలస్యమైతే పేలుతుందని ఆమెకు భయం. వెంటనే కూస్తే గ్యాస్ ఎక్కువైందని భయం. ఐదో తరగతితో చదువు ఆగిపోయినా, ఈ లోకంలో ఎన్ని రకాలుగా మునిగిపోవచ్చో ఆమెకు తెలిసినట్టు లాయర్లకు కూడా తెలియదు.

వాళ్ళిద్దరూ బయటికెళ్ళగానే ఆమెకు తన పుట్టిన ఊరి పద్ధతి గుర్తొచ్చింది. మందస పక్కన ఆ ఊళ్ళో ఎవరైనా పొలం కొనాలంటే ముందు దండోరా వేయించేవారు. హక్కున్నవాళ్ళు వచ్చి చెప్పుకునేవారు. రాకపోతే ఊరంతా సాక్షి. ఇంత తేలికైన ఉపాయం లాయరుకి తట్టనందుకు ఆమె ఆశ్చర్యపోయింది. వెంటనే చీర మార్చుకుని బస్సెక్కి, ఆటో పట్టుకుని హరిబాబు ఊరు చేరింది. డప్పు కొట్టే మనిషి ఇల్లు వెతికి పట్టుకుని సంగతి చెప్పింది.

ఆ పెద్దమనిషి కళ్ళు మెరిశాయి. తుపాను కబురు తప్ప మరో కబురు చాటి ఎన్నేళ్ళయిందో ఆయనకు.

"ఎన్నూర్లు తిరగమంటావు తల్లీ?"

"ఈ ఒక్క ఊరు సాలు బావూ."

"తోట అమ్మకం కబురు ఒక్క ఊర్లో కొడితే ఏటి మర్యాద? నాను సూసుకుంతాను, నువ్వెల్లు."

ఆయన నిజంగానే చూసుకున్నాడు. "హరిబాబు తోట అమ్ముతన్నాడహో! ఎవులికి హక్కున్నా ఆదివారం పొద్దున్న తోటకాడికొచ్చి సెప్పుకోవాలహో! ఆనక వొచ్చినా లాబం నేదహో!" అంటూ నాలుగైదు ఊళ్ళు తిరిగాడు. కవిటి సంతలో ఎవరో దాన్ని ఫోనులో పట్టి పదిమందికి పంపారు. విన్నవాళ్ళు చూస్తూ ఊరుకోకుండా తలా ఒక వివరం చేర్చారు. కంచిలి చేరేసరికి ఆ తోటలో హక్కులు రాసిస్తున్నారు. సుమ్మాదేవి స్టేషను దగ్గరికి వచ్చేసరికి చెట్టుకింత చొప్పున ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. రైలెక్కి బరంపురం దిక్కుకి పోయేసరికి ఆధార్ కార్డూ రెండు ఫోటోలూ తప్పనిసరి అయిపోయాయి.

ఈ సంగతులేవీ తెలియని ముగ్గురూ ఆదివారం పొద్దున్నే పలాసలో ఆటో మాట్లాడుకున్నారు. కవిటి దాటాక రోడ్డు మీద ఆటోలు, బళ్ళు, ట్రాక్టర్లు బారులు తీరాయి.

"ఏటి బాబూ, ఏదైనా సంబరమా?" అన్నాడు ఉమాపతి.

"తెల్దేటండి? హరిబాబు తోట పంచుతన్నారంట," అన్నాడు ఆటోవాడు, జేబులోంచి ఆధార్ కార్డు తీసి చూపిస్తూ. "మిమ్మల్ని దించీసి నానూ లైన్లో నిలబడతాను."

వసుంధర చప్పున తల రోడ్డువైపు తిప్పేసుకుంది.

తోటలో జనం చెట్లకంటే ఎక్కువగా ఉన్నారు. అప్పుడే ఒకడు జిలేబీ పొయ్యి వెలిగించాడు. ఎవరో షామియానా వేశారు. దానికింద ఊరి మాజీ సర్పంచి మైకు పుచ్చుకుని, ఈ పరిహారం తన కృషి వల్లే వచ్చిందని చెబుతున్నాడు. ఆస్పత్రి కవరు చేతపట్టుకున్న ఒక ముసలాయన వసుంధరను ఆపాడు.

"తల్లీ, రగతం ఎక్కడ తీత్తన్నారు?"

"ఇక్కడ రగతం తియ్యరు తాతా!"

"మరెందుకీ గుంపు? మావూర్లో టెంటేసినారంటే కిడ్నీ పరీచ్చే గదా," అని ఆయన విసుక్కుంటూ నీడలో కూర్చున్నాడు.

జనంలోంచి తోసుకుంటూ హరిబాబు వచ్చాడు. చొక్కా గుండీలు రెండు ఊడిపోయాయి. "ఏటి మాస్టారూ ఇది! నా తోటలో కాలెట్టడానికి నాకే సోటు నేదు! కొంతానని సెప్పి ఊరందరికీ పంచీడమేటి?"

"నేను పంచడమేటి? నువ్వే ఊరందరికీ బేరం పెట్టినావు!" అన్నాడు ఉమాపతి. ఆయన ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఎవరిమీదా అంత గట్టిగా అరవలేదు.

ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకునేదాకా వచ్చింది. వసుంధర మధ్యలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దండోరా నానే ఏయించినానండి. మన మంచికే."

ఉమాపతి ఆమెవైపు చూశాడు. వెళ్ళి ఒక చెట్టు మొదట్లో కూర్చుని, పైన ఉన్న కాయల్ని చూడసాగాడు.

"అమ్మా! పబ్లిక్ నోటీసు పేపర్లో వెయ్యాలి గానీ, డప్పేటమ్మా!" అని భార్గవి తల పట్టుకుంది. "మా మేనేజర్ కూడా ఇప్పుడే ఈ మెసేజ్ పంపినాడు నాకు. అది నీ పనని తెలిస్తే నేను ఉద్యోగం మానీడమే."

మాజీ సర్పంచికి అసలు విషయం తెలిసింది. ఆయన మైకు వదలకుండానే మాట మార్చాడు. పరిహారం లేదనీ, ఈ తోటమీద నిజంగా హక్కున్నవాళ్ళు మాత్రం ముందుకు రావాలనీ ప్రకటించాడు. సగంమంది తిట్టుకుంటూ ఆటోలెక్కారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే రాసాగారు.

మొదట వచ్చింది పక్క తోట అప్పన్న. "ఆ ఈశాన్యంలో చెట్టు మా అయ్య ఏసింది. బూమి ఈలది, కాయలు మాయి. పెద్ద తుపానులో తోటంతా పడిపోతే అదొక్కటే నిలబడినాది. కావాలంటే అడగండి."

హరిబాబు తలవంచుకుని అవునన్నాడు. ఆ తరవాత ఎర్రమ్మ అనే ఆవిడ వచ్చింది. నూతి దగ్గరికి దారి తమ అత్తగారి కాలం నుంచీ ఈ తోటలోంచేనంది. ఒకాయన పనస చెట్టు చూపించి, ఏటా మొదటి కాయ తమ ఇంటికి రావాలన్నాడు. ఇంకొకాయన మాట్లాడకుండా ఒక జీడిమామిడి కిందికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడే తన దుక్కిటెద్దును పాతిపెట్టాడట. ఆయనకు వాటా అక్కర్లేదు. ఆ చోట గునపం దించవద్దు, అంతే.

వసుంధర భయం మరిచిపోయింది. తల ఎత్తి చూసింది. సముద్రపు గాలికి మట్టలన్నీ ఒక్కసారిగా ఒకవైపుకు వంగి లేస్తున్నాయి. తమ కాగితంలో నాలుగు హద్దులు రాసి ఉన్న అర ఎకరం ఇదేనా? ఆ హద్దుల మధ్య ఒకడి తండ్రి ఉన్నాడు, ఒకడి ఎద్దు ఉంది, ఒకామె నడిచి నడిచి వేసిన బాట ఉంది. ఇంత బరువును మోస్తూ ఈ ఇసకనేల కుంగిపోకుండా ఎలా ఉందో! గుళ్ళో నిలబడ్డప్పుడు కూడా ఆమె రెండు చేతులూ అంత మెల్లగా దగ్గరికి రాలేదు.

"సాలు. ఇవన్నీ మాకు సమ్మతమే," అన్నాడు ఉమాపతి, చెట్టు మొదట్లోంచి లేచి. ఆయన గొంతులో కోపం పోయింది. "చెట్టు అప్పన్నదే, దారి ఎర్రమ్మదే, మొదటి పనసకాయ ఆలదే. హరిబాబూ, ఇంక ఇంతమంది ముందర ఒక్క మాట సెప్పు. నీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

హరిబాబు గుండెలమీద చెయ్యేసుకున్నాడు. "నానొక్కడినే మాస్టారూ. ఒక అప్ప ఉండీది, నాకంటే పెద్దది. బరంపురం పక్కకి ఇచ్చినారు. అక్కడే పోయింది పాపం, శానా ఏళ్ళయింది."

జనం అయ్యో అన్నారు. మాజీ సర్పంచి మైకులో సంతాపం కూడా తెలిపాడు. భార్గవి ఊపిరి పీల్చుకుని, "సూసినావా అమ్మా? నీ బయం తీరిందా?" అంది.

తీరలేదు. వసుంధర చూపు పనస చెట్టు కిందికి పోయింది. అక్కడ ఒక ముసలావిడ పొద్దుటినుంచీ గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీర కొంగు ఒడియావాళ్ళలా తలమీదుగా కప్పుకుంది. లైన్లో నిలబడలేదు, జిలేబీ కొనలేదు, చెట్టు చూపించలేదు. తోటనంతా కళ్ళతో తడుముతోంది.

వసుంధర వెళ్ళి ఆమె ముందు కూర్చుంది. "అమ్మా, అందరూ సెప్పుకున్నారు. నువ్వేటీ సెప్పుకోనేదు. నీకిక్కడ ఏటైనా ఉన్నాదా?"

ఆవిడ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

అప్పన్న రెండడుగులు దగ్గరికి వచ్చి, కళ్ళు చికిలించి చూసి, అక్కడే ఆగిపోయాడు. "ఓలమ్మా... రత్నాలమ్మప్ప! హరిబాబు అప్ప!"

హరిబాబు వెనక్కి అడుగు వేయబోయి జిలేబీ బల్లకు తగులుకున్నాడు. పాకం పళ్ళెం ఒరిగి ఇసకలోకి కారింది. జిలేబీవాడు కూడా పాకం సంగతి మరిచి పనస చెట్టువైపే చూస్తున్నాడు.

భార్గవి తల్లి చెవి దగ్గరకు వంగింది. ఇందాకటి నవ్వు ఆమె గొంతులో లేదు. "అమ్మా... తండ్రి ఆస్తిలో కూతురికీ సమాన వాటా. ఈవిడ సంతకం లేకుండా కొనుంటే సగం తోట మనది కాదమ్మా. నాన్న సొమ్ము..." అంటూ తండ్రివైపు చూసింది.

ఉమాపతి మళ్ళీ చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఈసారి కాయల్ని కాదు, భార్యనే చూస్తున్నాడు. ఆమెను ఎన్నడూ చూడనట్టు, ఏదో కొండను చూస్తున్నట్టు చూస్తున్నాడు.

వసుంధరకు అవేవీ పట్టలేదు. ముసలామె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "సెప్పు తల్లీ. నీకు ఇందులో హక్కు ఉన్నాదా, నేదా?"

మాజీ సర్పంచి సైతం మైకు కట్టేసి వినడానికి దగ్గరికొచ్చాడు. రత్నాలమ్మ తమ్ముణ్ణి చూసింది. ఆ చెట్లను చూసింది. గుమిగూడిన ఊరిని చూసింది. మళ్ళీ తమ్ముణ్ణి చూసింది.

చివరికి కొంగు సర్దుకుని నెమ్మదిగా అంది. "ఉన్నాదనే అనుకుని రైలెక్కినాను తల్లీ. ఇక్కడికొచ్చినాక తెలిసినాది, నాను పోయి శానా ఏళ్ళయిందంట. సచ్చిపోయినోలు ఏలిముద్ర ఏత్తే సెల్లుతాదో నేదో, ముందు మీ లాయరుని అడగండి."