అనుమానం గారి కారుణ్య నియామకం

సత్యవేణి గారి అనుమానం ఆవిడలోంచి బయటికి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నప్పుడు, డాక్టర్ ముక్తేశ్వరరావు నర్సును పిలిచి దానికి కూడా ఒక ఓపీ చీటీ రాయమన్నాడు. ఆసుపత్రిలో కూర్చున్నవాళ్ళెవరికైనా చీటీ ఉండి తీరాలి. నర్సు పేరు అడిగింది.

"అనుమానం," అన్నది అది. "సరిగ్గా రాశారా? ఒకసారి చదవండి."

నర్సు చదివి వినిపించి, వయసు అడిగింది.

గోదావరి పక్కనున్న ఒక జిల్లా ఆసుపత్రిలో ముక్తేశ్వరరావు మానసిక వైద్యుడు. తలుపు వేశామా లేదా అని చూసిందే చూస్తూ, చేతులు కడిగిందే కడుగుతూ నలిగిపోయే జబ్బుకి కొత్త వైద్యం కనిపెట్టాలని ఆయన పట్టుదల. దాన్ని డాక్టర్లు ఓసీడీ అంటారు, ఇళ్ళల్లో చాదస్తం అంటారు. మాత్రలున్నాయి, మనసుకి తర్ఫీదు ఇచ్చే పద్ధతులున్నాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ పుస్తకాలన్నీ తిరగేసిన మీదట ఆయనకి ఒక సంగతి తట్టింది. అనుమానాన్ని పట్టించుకోవద్దని, ఎదిరించమని అందరూ రాశారు గాని, "రండి, కూర్చోండి" అని దానికి మర్యాద చేసినవాడు ఒక్కడూ లేడు. గోదావరి నీళ్ళు తాగినవాడికి ఇదెంత పెద్ద లోపమో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు కూడా కాఫీ తాగకుండా గుమ్మం దాటలేడు.

అందుకని సత్యవేణి గారి పక్కన ఖాళీ కుర్చీ వేయించి, ఆవిడ భుజం వైపు చూస్తూ మొదలుపెట్టాడు. "తమరు కూడా కూర్చోవాలండి. అలా లోపలే నిలబడిపోతే మాకు బాగుంటాదాండి?"

"పర్లేదండి," అని లోపల్నుంచి మొహమాటంగా వినబడింది.

"అబ్బెబ్బే, తమరు కూర్చోకపోతే నాకు ఇవాళ ముద్ద దిగదండి."

ఇంతగా బతిమాలితే కాదనగలవాడు ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. అనుమానం ఆవిడ భుజం మీంచి దిగి, కుర్చీని జేబురుమాలుతో తుడిచి, మళ్ళీ తుడిచి, కూర్చుంది. ఇస్త్రీ చొక్కా, సన్నటి ఒళ్ళు, కడిగి కడిగి పాలిపోయిన చేతులు. చూడ్డానికి పదవీ విరమణ దగ్గరపడ్డ గుమస్తాలా ఉంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు డాక్టరు.

"చుట్టాలు వెళ్ళిపోయిన ఇల్లులా ఉందండి," అన్నది సత్యవేణి. అంటూనే నవ్వేసింది.

ఆవిడ మండల పరిషత్ బడిలో ఒకటో తరగతి టీచరు. గేస్ కట్టేశానా లేదా అని వీధి చివరినుంచి ఆటో వెనక్కి తిప్పించేది. అలా తిప్పించి తిప్పించి మధ్యాహ్నం అన్నాలు పెట్టే వేళకి బడికి చేరేది. చివరికి ఆ చేరడం కూడా మానేసి సెలవులో పడింది. పిల్లలంటే ఆవిడకి ప్రాణం. వాళ్ళ చేత అక్షరాలు దిద్దించాల్సిన చేత్తో ఇలా స్టవ్వు మీట తిప్పుకుంటూ కూర్చున్నానేమిటని ఏడవని రోజు లేదు. బడులు తెరిచేనాటికి తన తరగతిలో నిలబడాలి. ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

ఆ సాయంత్రం ఆవిడ టీ పెట్టి, భర్తతో కలిసి తాగి, వీధిలోకి నడిచింది. భర్త త్రిమూర్తులుకి బజార్లో ఎరువుల కొట్టు ఉంది. సగం దూరం వెళ్ళాక ఆయనే ఉండబట్టలేక అడిగాడు.

"వేణీ, గేస్ కట్టేవా?"

"కట్టే ఉంటాన్లెండి."

త్రిమూర్తులు నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టినా కదల్లేదు. తర్వాత ఇద్దరూ గోదావరి గట్టు మీద కూర్చుని నిమ్మకాయ సోడాలు తాగారు, ముంత మసాలా తిన్నారు, అయినదానికీ కానిదానికీ నవ్వారు. తిరిగొచ్చేసరికి ఇల్లు ఉన్నచోటే ఉంది. వాళ్ళ కాపురంలో అంత సంతోషమైన సాయంత్రం ఈమధ్య కాలంలో లేదు.

కబురు పాకింది. తలుపుల అనుమానం వాళ్ళు, కుళాయిల అనుమానం వాళ్ళు, తాళాల అనుమానం వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బస్సులెక్కి వచ్చారు. వచ్చినవాళ్ళు తేలికపడి ఈలలేసుకుంటూ వెళ్ళిపోతున్నారు గాని, వాళ్ళ అనుమానాలు మాత్రం వార్డులోనే ఉండిపోతున్నాయి. బతిమాలి కూర్చోబెట్టినవాళ్ళని ఇక దయచేయమనడం ఆ జిల్లాలో ఎవరికీ నోరు రాని పని. అవి ఊరికే కూర్చునే రకం కాదు. వార్డులు కడిగాయి, కడిగినవి మళ్ళీ కడిగాయి. ఆసుపత్రి అద్దంలా మెరిసింది, ట్యాంకులో నీటిచుక్క మిగల్లేదు. సూపరింటెండెంటు జిల్లా కార్యాలయానికి మొరపెట్టుకున్నాడు.

జిల్లా కార్యాలయం విషయాన్ని నిబంధనల ప్రకారం పరిశీలించింది. ఈ అనుమానాలన్నీ జబ్బు మీద ఆధారపడి బతికాయి. ఆ జబ్బు ఇప్పుడు లేదు. ఆధారం పోయిన కుటుంబసభ్యులకి కారుణ్య నియామకం వర్తిస్తుంది. కాబట్టి అన్నిటికీ ధ్రువపత్రాలు పరిశీలించే విభాగంలో కొలువులు ఇచ్చారు. ఉద్యోగం వచ్చాక జనం వాటి పేరు పక్కన 'గారు' చేర్చారు కనుక ఇకమీదట ఇక్కడా అలాగే రాయాలి.

మన అనుమానం గారికి శిక్షణ అవసరం పడలేదు. మొదటిరోజే పాత గుమస్తాలు ఆయన్ని చూసి, తప్పిపోయిన తమ్ముడు దొరికినట్టు కావలించుకున్నారు. ఆయన లంచం ముట్టరు. నోటు చేతిలో పెడితే దొంగనోటేమోనని తిరిగి ఇచ్చేస్తారు. నెల తిరక్కుండానే ఉత్తమ ఉద్యోగిగా ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీది సంతకం అసలుదేనా అని ఆయన వేదిక మీదే అడిగారు. అందరూ మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టారు.

అంతకాలమూ సత్యవేణి ఇంకా సెలవులోనే ఉంది. తిరిగి విధుల్లో చేరాలంటే జబ్బు నయమైందని డాక్టరు ఇచ్చిన పత్రాన్ని ఆ విభాగం సరిచూడాలి. ఆవిడ వరుసలో నిలబడి కిటికీ దగ్గరికి చేరింది. లోపల తన అనుమానం గారే కూర్చుని ఉన్నారు.

"బాగున్నారాండి?" అన్నది ఆవిడ, సొంతమనిషి కనబడినట్టు.

"బాగానే ఉన్నాననుకుంటన్నానండి. సత్యవేణంటే మీరేనా?"

"అదేంటండీ, ఇన్నేళ్ళూ నాలోనే ఉన్నారు కదండీ."

"ఉన్నట్టే గుర్తండి. ఆధారం ఉండాలి కదండీ. ఇంకో జిరాక్సు, ఇంకో ఫొటో పట్టుకుని రేపు రండి."

రేపు వెళ్తే ఎల్లుండి రమ్మన్నారు. ఎల్లుండి వెళ్తే ఫొటోలో చెవులు కనబడటం లేదన్నారు. బడులు తెరిచారు. ఒకటో తరగతి పిల్లల్ని వంట చేసే ఆయమ్మ కూర్చోబెడుతోందని తెలిసి సత్యవేణి చెవులు కనబడేలా ఇంకో ఫొటో తీయించుకుని మళ్ళీ వరుసలో నిలబడింది.

ఈ సంగతి విని ముక్తేశ్వరరావు స్వయంగా వచ్చాడు. అనుమానం గారు లేచి నమస్కరించి మళ్ళీ కూర్చున్నారు. కుర్చీ వెనక తెల్ల తువ్వాలు వేసి ఉంది.

"నేనే ఆ డాక్టర్నండి. ఆ సంతకం నాదేనండి."

"తమరేనని నాకు తెలుసండి. ఫైలుకి తెలవదు కదండీ."

డాక్టరు పాత పద్ధతిలోనే బతిమాలబోయి ఊరుకున్నాడు. కుర్చీ చూపించి లోపలివాణ్ణి బయటికి రప్పించడం ఆయనకి వచ్చు గాని, కుర్చీలో ఉన్నవాణ్ణి లేపే వైద్యం ఎవరూ కనిపెట్టలేదు. ఆయన వెనక్కి తిరిగి వరుసని చూశాడు. ఒకాయన కవరు విప్పి కాగితాలు చూసుకుని పెట్టుకుని, మళ్ళీ విప్పుతున్నాడు. ఒకావిడ జాకెట్టులోని ఆధార్ కార్డుని తడిమి చూసుకుంటోంది, చేయి తీసీ తీయకుండానే మళ్ళీ తడుముతోంది. వరుస పొడుగునా అదే. వైద్యం చెయ్యాలని డాక్టరుకి చేతులు దురద పెట్టాయి.

"వీళ్ళందర్నీ నా వార్డుకి పంపించెయ్యండి," అన్నాడు.

"వాళ్ళు రోగులు కాదండి," అన్నారు అనుమానం గారు ఓపిగ్గా. "దరఖాస్తుదారులు."

డాక్టరు ఆలోచించి, నిజమేనని ఒప్పుకున్నాడు. జబ్బయితే మందు ఉండేది.

మర్నాడు పొద్దున్నే త్రిమూర్తులు ఫోను చేశాడు.

"డాక్టరు గారూ, మా ఆవిడ మళ్ళీ వీధి చివర్నుంచి ఆటో తిప్పించేసిందండి. లోపలికొచ్చి చూసుకుని ఎళ్ళింది, ఎంటనే మళ్ళీ వచ్చిందండి. అది తిరిగొచ్చేసిందాండి?"

"దేన్ని చూసుకుంటున్నారండి? గేసునా?"

"గేసు ఊసే లేదండి. సంచీలో కాయితాలండి. జిరాక్సు పెట్టేనా, ఫొటో అంటించేనా అని."

"కాగితాలేనా!" డాక్టరు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే బెంగేం లేదండి. ఆవిడ పూర్తిగా మామూలు మనిషైపోయారు."

"హమ్మయ్య," అన్నాడు త్రిమూర్తులు. ఆటోవాణ్ణి కాస్త ఆగమని చెప్పి, లోపలికి వెళ్ళి, ఎందుకైనా మంచిదని ఇంకో జిరాక్సు తెచ్చి భార్య సంచీలో పెట్టాడు.