ఇనస్పెక్టరుగారు కాపురమున్న వీధి

కర్నూలుకూ కడపకూ నడుమ ఒక పురపాలక పట్టణం ఉంది. పేరు చెబితే కౌన్సిలువారు పరువునష్టం దావా వేస్తారు గనుక చెప్పడం లేదు. ఆ ఊరి పారిశుద్ధ్యాన్ని పైఅధికారులు ఏటేటా మెచ్చుకుంటూ రాసిపోయేవారు. మెచ్చుకోక ఏం చేస్తారు? తనిఖీకి వచ్చినవారు శానిటరీ ఇనస్పెక్టరుగారి ఇంట్లో దిగి, ఆయన వీధి చూసి, ఆయన అరుగు మీద తాంబూలం వేసుకుని వెళ్లేవారు. ఆ వీధిలో నేల మీద అన్నం పెట్టుకుని తినవచ్చు.

పురపాలక సంఘానికి ఒక చెత్తబండి, దానికొక ఎద్దు, ఆ రెంటికీ కలిపి మద్దిలేటి అనే బండివాడు ఉండేవారు. ఇనస్పెక్టరు ఏ వీధిలో కాపురం పెడితే ఆ వీధికి పొద్దున్నే బండి పోతుంది, కసువు ఎత్తుతుంది, కాలువలో ఫినాయిలు పడుతుంది, పొద్దుగూకితే మూల మీద కిరసనాయిలు దీపం వెలుగుతుంది. ఇలా చేయమని ఏ దొరా హుకుం ఇవ్వలేదు. పైవాడి గుమ్మం ముందు ఊడిస్తే ఉద్యోగం నిలుస్తుందని మద్దిలేటికి తెలుసు, ఎద్దుకేమో అలవాటు. తక్కిన వీధులవారు తమ కసువును గాలికీ పందులకూ అప్పగించి, తమ వీధికి ఇనస్పెక్టరు ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తూ బతికేవారు.

ఇటువంటి ఊరికి గోపన్నగారు బద్వేలు నుంచి బదిలీ మీద వచ్చారు. మంచివారు, పరీక్ష ప్యాసైనవారు, ఈగ వాలిన పండు ముట్టరు. భార్య కృష్ణవేణమ్మను, ట్రంకుపెట్టెలను, తిరగలిని, ఊరగాయ జాడీలను రైలు దించుకుని, స్టేషను బయట దాదాపీరు జట్కా ఎక్కి, కొత్త ఊరికి వచ్చిన పెద్దమనిషి అడగవలసిన మొదటి ప్రశ్న అడిగారు.

"ఏమప్పా సాయిబూ, ఈ ఊర్లో బాడుగకుండేదానికి శుభ్రమైన వీధి యాది?"

"మీరు యాడ దిగితే అదే సామీ," అన్నాడు దాదాపీరు.

గోపన్నగారు దాన్ని ముఖస్తుతి అనుకుని మీసాల చాటున నవ్వుకున్నారు.

పాత ఇనస్పెక్టరు ఉన్నది కచ్చేరి వీధిలో. ఆయన వెళ్లి వారం కూడా కాలేదు. అంత పేరుమోసిన వీధి కదా అని గోపన్నగారు మొదట అక్కడికే పోతే, వీధి మొగలోనే ఎంగిలి విస్తళ్లు, అరటిబోదెలు, చచ్చిన పిల్లి ఎదురొచ్చాయి. ఒక్క ఎద్దు మాత్రం ధర్మం తప్పలేదు. పాత ఇనస్పెక్టరు ఖాళీ ఇంటి ముందు బండితో సహా నిలబడి నెమరువేస్తూ ఉంది. పక్కనే మద్దిలేటి చీపురు చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"ఊడ్చవేమప్పా?" అన్నారు గోపన్నగారు.

"లోపల ఎవురూ లేరు సామీ. ఎవురు చూస్తారని ఊడ్చేది?" అన్నాడు మద్దిలేటి.

అక్కడి నుంచి అంగళ్ల వీధికి పోతే, పురపాలక అధ్యక్షులు, వేరుశెనగ వర్తకులు అయిన రామకోటయ్యగారు స్వయంగా ఎదురొచ్చి, జట్కా చక్రం పట్టుకుని ఉపన్యసించారు. "అయ్యా! ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలన్నారు. ఆ భాగ్యము మా వీధిలో స్థిరపడినచో ఊరంతటా ఉన్నట్లే. మా ఇంటికి ఎదురుగా మిద్దె ఖాళీగా ఉన్నది. తమరు బాడుగ మాట ఎత్తితే నాకు కోపం వచ్చును." ఈ మాట కచ్చేరి వీధి ప్లీడర్లకు తెలిసి, చదువుకున్నవారి వీధిని కాదని శెనగల వీధికి పోవడం నాగరికతకే అవమానమని మహజరు రాశారు. వేరొక వీధివారు ఇనస్పెక్టరుగారి భార్యకు పసుపు కుంకుమలతో రవికగుడ్డ పంపారు. మురికి పోగొట్టమని మాత్రం ఏ వీధివారూ అడగలేదు. మురికిని పక్క వీధికి పంపమని అడిగారు, అంతే.

చివరకు దాదాపీరు, ఎవరూ చెప్పకుండానే, జట్కాను తన సందుకు తిప్పాడు. దాన్ని జట్కాల సందు అంటారు. గుర్రాల లద్దె, దాని నడుమ మురుగు నల్లగా నిలిచిపోయిన మోరీ, మోరీ పక్కనే తాగునీటి బావి. ఇంత నలుపులో ఒకే ఒక ఇల్లు మల్లెపువ్వులా తెల్లగా ఉంది. దాదాపీరు పక్కిల్లే అది. కొత్త ఇనస్పెక్టరు వస్తున్నాడని విని అతని భార్య లాల్ బీ ఆ ఖాళీ ఇంటికి తన చేతులతో సున్నం కొట్టింది. చేతులకు ఇంకా పొక్కులున్నాయి.

"పోయిన ఎండకాలం కలరాకు మా పెద్దోడు పోయినాడు సామీ," అంది లాల్ బీ, కొంగు నోటికడ్డం పెట్టుకుని. "ఆ మోరీ నీళ్లు బాయిలోకి దిగుతాండాయి. మీరు ఈడ ఒక్క నెల కాపురముంటే సాలు. బండొస్తాది, మోరీ తీస్తారు. ఉన్నోళ్లయినా మిగుల్తారు."

గోపన్నగారికి జాలేసింది. జాలితోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఇంత మురికిలో ఇనస్పెక్టరు కాపురముంటే జనం ఏమనుకుంటారమ్మా? ముందు శుభ్రం కానియ్యండి, తప్పక వస్తాను."

"మీరొస్తేనే కదా సామీ శుభ్రమయ్యేది?" అన్నాడు దాదాపీరు.

పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఈ చిక్కును విప్పడానికి కౌన్సిలు ప్రత్యేక సమావేశం జరిపింది. సోడాలు పగిలాయి, బల్లలు గుద్దారు, సాయంత్రానికి ఒక మహత్తరమైన తీర్మానం పుట్టింది. "శ్రీ ఇనస్పెక్టరుగారు నెలకొక వీధిలో కాపురముండవలెననియు, వీధుల వరుస అచ్చటి కౌన్సిలర్ల పెద్దరికమును బట్టి ఉండవలెననియు, కౌన్సిలరు లేని జట్కాల సందు చిట్టచివర ఉండవలెననియు ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది." సమానత్వానికి ఇంతకంటే నిదర్శనం లేదని రామకోటయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. మొదటి నెల ఆయన వీధికే వచ్చింది.

అది మొదలు గోపన్నగారి సంసారం జట్కా ఎక్కింది. నెల తిరిగేసరికి తిరగలి, జాడీలు, పెట్టెలు వీధి మారేవి. వాటి వెనుక చెత్తబండి, దాని వెనుక మద్దిలేటి, దీపస్తంభం భుజాన మోస్తూ ఇద్దరు కూలీలు. ఊరి వ్యవహారమంతా ఈ లెక్కకే సర్దుకుంది. మంచి ముహూర్తాలు లేకున్నా సరే, ఇనస్పెక్టరు తమ వీధిలో ఉన్న నెలలోనే పెళ్లిళ్లు పెట్టుకున్నారు. పక్క వీధులవారు తమ కసువును గంపలతో తెచ్చి ఆయన వీధిలో పోసేవారు, ఎలాగూ ఎత్తుతారు కదా అని. ఇల్లుగలవారు బాడుగలు పెంచారు.

కృష్ణవేణమ్మ ఒకసారి జాడీలకు గుడ్డలు కడుతూ అడిగింది. "ఏమండీ, ఆ బండినే దినానికొక వీధికి పంపితే, మనం నెలకొక ఇల్లు మారే పని ఉండదు కదా?"

"నీకు పరిపాలన తెలీదు. తీర్మానంలో నేను తిరగాలని ఉంది గానీ, బండి తిరగాలని యాడుండాది?" అన్నారు గోపన్నగారు. ఆ మాటకు ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు, నిజమే చెప్పాననుకున్నారు.

ఇల్లు మారిన ప్రతిసారీ సామాను మోసింది దాదాపీరు జట్కానే. ప్రతిసారీ అతను ఒకే మాట అడిగేవాడు. "మా వంతు ఎప్పుడు సామీ?" గోపన్నగారు ఒకే మాట చెప్పేవారు. "వస్తాంది, వస్తాంది." చివరైనా వరుసలో ఉన్నాం కదా అని దాదాపీరు సంబరపడేవాడు. వాన పడి సున్నం కరిగినప్పుడల్లా లాల్ బీ మళ్లీ కొట్టేది.

చివరకు వంతు వచ్చింది. పెట్టెలు కట్టారు. కానీ కలరాకు కౌన్సిలర్ల పెద్దరికం తెలియదు. అది ఏ వీధిలోనూ ఆగకుండా, గోపన్నగారికంటే ముందుగా, నేరుగా జట్కాల సందుకే వచ్చింది. వెంటనే అధ్యక్షులవారి ఉత్తరువు వెలువడింది. అంటురోగమున్న వీధిలో ఉద్యోగస్థులు కాపురముండరాదు. మురికి ఉంది గనుక మొదట రాలేదు, రోగముంది గనుక ఇప్పుడు రాకూడదు. ఉత్తరువు చదివి గోపన్నగారి గుండె తేలికపడింది. తేలికపడినందుకు సిగ్గేసింది. రెండూ నిజమే.

మూడోనాటికి లాల్ బీ పోయింది.

మరణం నమోదైతే మందు చల్లాలని నిబంధన. కనుక జనాజా వెళ్లిన పొద్దుటే బండి వచ్చింది. ఎద్దు ఆ సందు ఎన్నడూ చూడలేదేమో, మొగలో మొరాయించింది. నలుగురు పట్టి ఈడ్చారు. మద్దిలేటి మోరీ తీశాడు, బావిలో మందు వేశారు, లద్దె ఎత్తారు, గోడల వెంట సున్నం చల్లారు. ఏళ్ల తరబడి పేరుకున్న మురికి మధ్యాహ్నానికల్లా పోయింది. అంత సులువైన పని అని ఊళ్లో ఎవరికీ తెలియదు.

గోపన్నగారు ఆ తెల్లని ఇంటి అరుగు మీద నిలబడి అంతా చేయించారు. కూర్చోబోతే గోడ సున్నం చేతికి అంటింది. ఆయన చెయ్యి తుడుచుకోలేదు. ఖబరస్తాను నుంచి తిరిగి వచ్చిన దాదాపీరు సందు మొదట ఆగి, తన సందేనా అన్నట్టు ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు.

"శానా బాగుండాది సామీ," అన్నాడు. "మా సందు ఇట్లా కావాలంటే మీరన్నా రావాల, సావన్నా రావాల. అది మీ మాదిరి వంతు సూసుకోదు."

గోపన్నగారు ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టలేదు. కృష్ణవేణమ్మ ఎందుకని అడగలేదు.

కౌన్సిలు మాత్రం అడిగింది. రోగాన్ని ఒక్క సందులోనే అరికట్టిన ఇనస్పెక్టరుగారి దక్షతను ఏ విధంగా సన్మానించాలని అడిగి, పూలమాల వేసి, పైకి సిఫారసు రాసింది. రామకోటయ్యగారు మాట్లాడుతూ, "ఇటువంటి అధికారి ప్రతి వీధికీ ఒకరుండిన ఎంత బాగుండును!" అన్నారు. సభ కరతాళధ్వనులతో మారుమోగింది. ఇనస్పెక్టర్లను పెంచమని సర్కారుకు అర్జీ పంపారు. రెండో చెత్తబండి మాట ఎవరికీ తట్టలేదు. ఆ మరునాటికి ఎద్దు ఇనస్పెక్టరుగారున్న వీధికి తిరిగి వెళ్లిపోయింది. జట్కాల సందులో మోరీ మళ్లీ నిలవడం మొదలుపెట్టింది.

సిఫారసు ఫలించి గోపన్నగారికి పెద్ద జీతం మీద కడప వైపు బదిలీ అయింది. స్టేషనుకు దాదాపీరే తోలాడు. దారి పొడుగునా గుర్రంతోనే మాట్లాడుతూ పోయాడు.

కొత్త ఊళ్లో రైలు దిగేసరికి ఎండ మండుతూ ఉంది. పెట్టెలు, తిరగలి, జాడీలు దించారు. గోపన్నగారు జట్కా ఎక్కారు. ఆ ప్రశ్న ఇక ఎన్నడూ అడగకూడదని రైల్లో గట్టిగా అనుకున్నారు. కృష్ణవేణమ్మ ఆయన ముఖమే చూస్తూ ఉంది. కానీ తల దాచుకోవడానికి ఇల్లంటూ ఉండాలి, అది నలుగురు పెద్దమనుషులుండే చోట ఉండాలి. పాఠకులు నవ్వనక్కర లేదు, మీరు ఊరు మారినప్పుడు మరేం అడిగారు?

"ఏమప్పా, ఈడ బాడుగకుండేదానికి శుభ్రమైన వీధి యాది?" అన్నారు గోపన్నగారు, ఎటో చూస్తూ.

జట్కావాడు పగ్గాలు బిగించి, వెనక్కి తిరిగి, ఆయన్ను తలపాగా నుంచి చెప్పుల దాకా ఒకసారి చూశాడు.

"అది తమరి ఉద్యోగాన్ని బట్టి ఉంటాది సామీ. ముందు అది సెప్పండి."