రేడియోలో వచ్చిన జరం

శామీర్‌పేటలో ఒగ్గుకథ. చెబుతుండగానే రేడియోలో వినిపిస్తారట. వచ్చిన పాసు మీద ఇద్దరు పోవచ్చు. మేడ్చల్‌లో సైకిళ్ల దుకాణం నడిపే గండయ్య మాత్రం పెళ్లాంతో, "ఒక్కలకే ఇచ్చిండ్రే" అన్నాడు.

రుక్కమ్మకు కథంటే ప్రాణం. చిక్కంతా అక్కడే. కథలో కోడలు ఏడిస్తే ఈమె అంతకన్నా గట్టిగా ఏడుస్తుంది. అత్త నోరు తెరిస్తే లేచి తిడుతుంది. ఆ గోలలో గండయ్య పేరు ఎవరికి వినబడాలి? అవును, ఆయనకు కావలసింది కథ కాదు, పేరు. కథ నడుమ ఇనాం ఇస్తే కథకుడు ఆగి, ఇచ్చినవాడి పేరు చెప్పి దీవించాలి. ఊళ్లలో అది ఆనవాయితీ. రేడియోలో చెబితే జిల్లా అంతా వింటుంది కదా!

"గట్లనా? పోయిరా. నేను పక్కింటి సాలమ్మోళ్ల రేడియోల కథ ఇంట," అంది రుక్కమ్మ. మొహం చిన్నబోయింది. గండయ్యకు కలుక్కుమంది గానీ, ఇస్త్రీ చొక్కా తొడుక్కునేసరికి అదీ పోయింది.

హాల్లో రేడియో ఆయన ముందే చెప్పాడు: "ఎవరూ లేవకండి, మాట్లాడకండి. నేను చెయ్యి ఎత్తితేనే చప్పట్లు."

అందరూ బుద్ధిగా కథ విన్నారు. గండయ్య మాత్రం ఇనాం తువ్వాల ఒళ్లో పెట్టుకుని సందు కోసం కాచుకున్నాడు. డోలు ఆగిందో లేదో, ఒక్క ఉరుకున వేదికెక్కి కథకుడి భుజాన కప్పేశాడు. రేడియో ఆయన నెత్తి పట్టుకున్నాడు.

కథకుడు ఆనవాయితీ తప్పే మనిషి కాదు. "ఎవలు నాయినా?"

"గండయ్య! మేడ్చల్!"

"ఇల్లాలేది? ఆలుమగల్ని జంటగ నిలవెట్టి దీవియ్యాలె."

ఆనవాయితీలో ఆ సగం గండయ్య మరిచేపోయాడు. "రాలే."

"అందరికి ఇద్దరిద్దరి పాసులిచ్చిండ్రు గద! ఎందుకు రాలే?"

ముందర మైకు. గండయ్య నోటికొచ్చింది అనేశాడు: "జరం... మస్తు జరం. లేవనే లేస్తలేదు."

"అయ్యో! ఆ తల్లి సల్లగుండాలె!"

చెయ్యి ఎత్తకుండానే హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెప్పులే చెప్పులు. మేడ్చల్‌లో వినని ఇల్లు లేదు మరి! ఒకరు జావ తెచ్చారు, ఒకరు కషాయం. నడుమ మంచం మీద రుక్కమ్మ నిండా దుప్పటి కప్పుకుని ఉంది.

"ఏందే, నిజంగనే జరమా?"

"రేడియోల జెప్పినంక అబద్ధమైతదా? లేవనే లేస్తలేనట. ఇగ పొయ్యి నువ్వే ముట్టియ్యి."

గండయ్య వంకాయలు ముందేసుకున్నాడు. వచ్చినవాళ్లంతా వెళ్లాక రుక్కమ్మ మెల్లగా అంది: "సాలమ్మింట్ల ఇద్దరి పాసని ఇనంగనే అందరు నా మొఖమే జూసిండ్రు. నన్ను దీస్కపోతే నామోషీ అనుకున్నవా?"

ఆ మాటకు ఆయన తల వాలిపోయింది. "తప్పయిందే."

"సరే తియ్. ఆ లొల్లిల కడమ కథ ఇనపడలే. చిన్నకోడలు బతికిందా?"

గండయ్య చేతిలో కత్తి ఆగింది. కథ ఎదుటే కూర్చుని వచ్చాడు. అందులో చిన్నకోడలున్న సంగతే ఆయనకు తెలియదు.

"నేను ఇననేలేదే," అన్నాడు.

రుక్కమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది.

"గా కథాయన ఊరికి వోయి ఇందాం. ఇద్దరం," అన్నాడు గండయ్య.

"నేను ఏడుస్త మరి."

"ఏడువు."

"అత్తను తిడుత."

"తిట్టు. నేను గూడ తిడుత."

రుక్కమ్మ దుప్పటి మెడదాకా లాక్కుంది. "గప్పటిదాంక నాకు జరమే."