ఏనుగుల సంచి దిగ్విజయము

మిరపఘాటు గాలిలో తేలి మానవకోటికి తుమ్ములు ప్రసాదించునట్టి గుంటూరు మండలమున, వైశాఖ మాసమున, సూర్యుడు నడినెత్తిన నిలిచిన వేళ, బస్టాండను మహారణరంగమున జరిగిన ఘోరయుద్ధమును చెప్పెద వినుడు. వినకున్నను చెప్పెదను.

వీరనారి పేరు రాఘవమ్మ. బ్రాడీపేట డాక్టరు "ఎక్కువసేపు నిలబడొద్దమ్మా" అని శాసించిన కుడిమోకాలు గలది. అద్దంకి వరకు కూర్చుండి పోవుటయే ఆమె ఏకైక లక్ష్యము. ఆమె దివ్యాస్త్రము భుజమునకు వ్రేలాడు గుడ్డసంచి. ఎర్రని గుడ్డపై నల్లయేనుగులు ఒకదాని తోకనొకటి పట్టుకొని నడచు ఆ సంచిని మంగళగిరిలో కొన్నది. "సింగిల్ పీసమ్మా, ఇట్టాంటిది ఇంకోటి దొరకదు" అని కొట్టువాడు చెప్పగా నమ్మినది. నమ్మి, కూరలకును పెళ్లిళ్లకును ఆస్పత్రికిని దానినే మోసినది.

అంతలో రెండు బస్సులు దుమ్ము రేపుచు వచ్చి పక్కపక్కన ఆగెను. జనసముద్రము ఘోషించుచు విరుచుకుపడెను. తలుపు దగ్గర చీమకైనను దారి లేదు. రాఘవమ్మ అనాదిగా వచ్చుచున్న సీటాపుడు ధర్మమును స్మరించి, గురిచూచి, సంచిని కిటికీలోనికి విసిరెను. ఏనుగులు ఆకాశమార్గమున ఎగిరి సీటుపై వ్రాలెను. సంచిలోనున్న కళ్లజోడు కూడ దానితోపాటే ఎగిరినదని ఆమెకు తోచలేదు. "అద్దంకి, అద్దంకి!" అను కండక్టరు కేకనే పట్టుకొని, మోకాలిని బతిమాలుకొనుచు, ముగ్గురిని త్రోసి నలుగురిచే త్రోయబడి, బస్సెక్కెను.

ఎక్కి చూడగా కిటికీ పక్కన, ఏనుగుల సంచిని ఒడిలో పెట్టుకొని, రహమతున్నీసా అను మరియొక వీరనారి కూర్చుండి యుండెను.

"ఏమ్మా, లే. అది నా సంచి. సీటాపుకుందామని నేనే వేశా."

"బాగుందమ్మా! నా ఒళ్లో సంచి మీదెట్టా అయింది?" అని రహమతున్నీసా సంచిని విప్పి చూపెను. "ఇదుగో నా టిఫిన్ డబ్బా. ఇదుగో నా ఆధార్. ఇందులో మీ మొహముందేమో చూడండి."

లేదు. రాఘవమ్మ కిటికీ బయటకు చూచెను. పక్కనున్న మాచర్ల బస్సు మెల్లగా కదులుచుండెను. దాని సీటుపై ఏనుగులు!

"ఆపవయ్యోయ్! నా కళ్లజోడు మాచర్ల పోతోంది!"

ఆ సింహనాదమునకు మాచర్ల బస్సు డ్రైవరు బ్రేకు తొక్కెను. అందలి ఆదెయ్య అను ప్రయాణికుడు సంచిని కిటికీలోనుండి బయటకు అందించెను. రాఘవమ్మ చేయి చాచెను. జానెడు చాలలేదు. అప్పుడు శత్రువగు రహమతున్నీసా నడుము వరకు కిటికీలోనుండి వంగి, మునివేళ్లతో సంచిపట్టెను లాగి తెచ్చెను. బస్సంతయు "హమ్మయ్య" అనెను. రాఘవమ్మ కళ్లు చెమర్చెను.

"ఎక్కడ కొన్నారమ్మా?" అని రహమతున్నీసా అడిగెను.

"మంగళగిరిలో. సింగిల్ పీసన్నాడు."

"నాక్కూడా అదే చెప్పాడు!"

తక్షణమే సంధి కుదిరెను. రహమతున్నీసా జరిగెను, పక్కావిడను జరిపెను. వారిరువురును ఆ కొట్టువాని ఏడుతరములను చిలకలూరిపేట వరకు ఘనముగా స్మరించిరి.

ఇట్లు రాఘవమ్మ ఇద్దరి సీటున మూడవ మనిషిగా, సగము సీటుపైనను సగము గాలిపైనను ఆసీనురాలై, విజయదుందుభి మ్రోగించెను. జయము! జయము! అద్దంకి వరకు.